ముగ్గురు పెద్దమనుషులు, ఒక ప్లగ్గు

ఒక్క చార్జింగుతో నూట ఇరవై కిలోమీటర్లకు మించి వెళ్లే కారు మనిషిని పాడు చేస్తుంది! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఆడిస్ అబాబా నుంచి హవాసాకి ఉన్న రెండు వందల డెబ్బై అయిదు కిలోమీటర్లనూ నాలుగు రోజుల్లో జయించినవాణ్ణి. అనుభవంతో చెబుతున్నాను.

పెట్రోలు కారున్న రోజుల్లో నేనెంత మూర్ఖుణ్ణి! పొద్దున్నే బయల్దేరి, పదకొండు కొట్టేసరికి హవాసా సరస్సు ఒడ్డున వేయించిన చేప తింటూ కూర్చునేవాణ్ణి. దారిలో ఏ ఊరుందో, ఆ ఊళ్లో ఎవరున్నారో, వాళ్లింట్లో ప్లగ్గు ఏ గోడకుందో నాకేం తెలుసు? అదీ ఒక ప్రయాణమేనా?

పెట్రోలు కార్లను దేశంలోకి రానివ్వడం మానేశాక, మా మేనల్లుడు సురాఫెల్ ఒక ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. ఎవరో ఏడేళ్లు వాడి వదిలేసిన బండి. కాగితం మీద నూట అరవై కిలోమీటర్లు పోతుంది. కాగితం మీద మనుషులు కూర్చోరు కదా! మనుషులు కూర్చుంటే నూట ఇరవై. రేడియో పెడితే ఇంకా తగ్గుతుందేమోనని భయం. భయం వేస్తే కాలు తేలిగ్గా పడుతుంది, దాంతో రెండు కిలోమీటర్లు పెరుగుతాయి. భయభక్తులు నేర్పే యంత్రం ఇంకెక్కడైనా ఉందా?

ఇంతకీ మేం హవాసా ఎందుకు వెళ్లామంటే, పిల్లనడగడానికి. సురాఫెల్, హవాసాలోని లంకామో గారి అమ్మాయి హిరుత్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. కానీ పిల్లలు ఇష్టపడితే చాలదు. ముగ్గురు పెద్దమనుషులు తెల్లటి గాబీలు కప్పుకుని, చేతికర్రలు పట్టుకుని, పిల్ల తండ్రి గుమ్మం ముందు నిలబడాలి. మాట ఇచ్చేదాకా కూర్చోకూడదు. మొదటిసారి వెళితే ఎవరూ మాటివ్వరు. రెండు వారాలాగి రమ్మంటారు. అది వాళ్ల మర్యాద.

ఆ మర్యాదే మా కొంప ముంచేలా ఉంది. ఇంకెవరో కుర్రాడి తరఫు పెద్దలు ఆ గుమ్మంలో అప్పటికే రెండుసార్లు నిలబడి వచ్చారు. మేం వెళ్లే ఆదివారానికి తర్వాతి ఆదివారం మూడోసారి వెళతారట, మూడోసారికి మాట ఖాయం. అంటే మాకు రెండు వారాల గడువు పెడితే, హిరుత్ మాకు దక్కదు. సురాఫెల్ అన్నం మానేశాడు.

బస్సులో వెళ్లొచ్చుగా అంటారా? పెళ్లికొడుక్కి కారుండగా పెద్దమనుషులు బస్సు దిగితే పరువుంటుందా?

ప్రయాణానికి ప్లాన్ వేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఒక నోటుబుక్కు పెట్టాను. పూర్వం చుట్టాలను గుణాన్ని బట్టి ఎంచేవాణ్ణి. ఇప్పుడు మీటరును బట్టి! మోజోలో ఉండే మా పిన్ని కొడుకు తెక్లుకీ నాకూ ఆరేళ్లుగా మాటల్లేవు. వాడి గృహప్రవేశానికి ఆగకుండా హారన్ కొట్టి వెళ్లిపోయానని వాడి కోపం. అది పెట్రోలు కారు చేసిన పాపం. వాడి వీధిలో కరెంటు పోదని తెలిసిన మర్నాడే ఫోన్ చేసి భోరుమన్నాను. ఇద్దరం కలిసిపోయాం.

బరువు లెక్క కూడా చూశాను. నాతో వచ్చే పెద్దల్లో వొర్కు గారు డెబ్బై ఆరేళ్ల బక్కమనిషి, ఆయన మాటకి తిరుగులేదు. దెగెఫా గారు మాత్రం క్వింటాలు మనిషి. ఆయన్ని ఇంటి దగ్గరే వదిలేస్తే పదిహేను కిలోమీటర్లు కలిసొస్తాయి. కానీ ఇద్దరే వెళితే చందా అడగడానికి వచ్చారనుకుంటారు.

గురువారం తెల్లవారగానే ముగ్గురం బయల్దేరాం, స్టీరింగు నాది. మోజో దాకా అంతా దిగుడే, రాజాల్లా చేరాం. తెక్లు ఇంట్లో అసలు చిక్కు ఎదురైంది. వాడి భార్య ఇంజెరా రొట్టెలు కాల్చే పెనం కూడా కరెంటుదే. అదీ కారూ కలిపి పెడితే ఫ్యూజు ఎగిరిపోతోంది. ఆవిడ పెనం పెట్టినంతసేపూ కారు ఆగాలి. లెక్కేస్తే ఒక్కో ఇంజెరాకి మూడు కిలోమీటర్లు పోతున్నాయి. దెగెఫా గారు ఆ పూట ఇరవై ఏడు కిలోమీటర్లు తిన్నారు.

శుక్రవారం మెకి చేరేసరికి బ్యాటరీలో ఆరు శాతం ఉంది. నోటుబుక్కులో రాసుకున్న పిండిమిల్లు దగ్గర కరెంటు లేదు. రోడ్డుకి అవతల ఒక ఇంట్లో మాత్రం దీపం వెలుగుతోంది. మురిసిపోయి ముగ్గురం గాబీలు సర్దుకుని, కర్రలు పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడ్డాం. బయటికొచ్చినావిడ పేరు ఎల్ఫినెష్. భర్త పోయాడు. లోపలికి రమ్మంది. ఫరవాలేదమ్మా, ముందు మా మనవి వినండి అన్నారు వొర్కు గారు.

పాఠకులారా, మీకు తట్టింది మాకు తట్టలేదు!

ఆవిడ ఒక్క పరుగున లోపలికెళ్లింది. పావుగంటలో అన్నదమ్ములొచ్చారు, ఇరుగుపొరుగు వచ్చారు, లోపల కాఫీగింజలు వేయించే వాసన మొదలైంది. పెద్ద తమ్ముడు గొంతు సవరించుకుని, మీవంటి వారు రావడం మా అదృష్టం, బంధువులందరినీ అడగాలి, రెండు వారాలాగి రండి అన్నాడు.

"రెండు వారాలెందుకు బాబూ, మాకు నాలుగు గంటలు చాలు," అన్నారు దెగెఫా గారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. ఎల్ఫినెష్ గారికి ములూ అని ముప్పై దాటిన కూతురుంది. ఆ గుమ్మంలో పెద్దమనుషులు నిలబడతారని తల్లి పదేళ్లుగా చూస్తోంది. తీరా మేం నిలబడ్డాం, ప్లగ్గు కోసం! తమ్ముళ్లు మా చేతికర్రల వంకే చూశారు, వాటికి వేరే ఉపయోగం తోచినట్టుంది. కాపాడింది ములూయే. పొట్ట పట్టుకుని నవ్వింది. మా తీగ తనే అందుకుని కిటికీలోంచి లాగి ప్లగ్గులో పెట్టి, "ఇంకోసారి చార్జింగుకొస్తే మామూలు బట్టల్లో రండి పెద్దాయనా, మా అమ్మ గుండె గట్టిది కాదు," అంది. నిజంగా బాధేసింది. సురాఫెల్ లాంటి మేనల్లుడు నాకు ఇంకొకడుంటే అక్కడే అడిగేసేవాణ్ణి.

శనివారం అర్సి నెగెలెలో మంగలి షాపు తప్ప దిక్కు దొరకలేదు. గిరాకీ ఉన్నంతసేపే ప్లగ్గు ఇస్తానన్నాడు షాపతను. మేమే గిరాకీ అయ్యాం. నేను మూడుసార్లు గీయించుకున్నాను. దెగెఫా గారి తల నున్నబడింది. వొర్కు గారి నలభై ఏళ్ల గడ్డం ముప్పై కిలోమీటర్ల కింద జమ అయింది. బస్సు ప్రయాణంలో ఇంత త్యాగానికి చోటెక్కడిది?

ఆదివారం పొద్దున అనుకున్న వేళకే లంకామో గారి గుమ్మం ముందు నిలబడ్డాం. మా వాణ్ణి మీ కొడుకుగా చేసుకోమని వొర్కు గారు చెప్పాల్సిన తీరులో చెప్పారు. లంకామో గారు కూడా చెప్పాల్సిన తీరులోనే జవాబిచ్చారు. రెండు వారాలాగి రండి.

నా ప్రాణం ఉసూరుమంది. వొర్కు గారు గడ్డం నిమురుకోబోయి, అది లేదని గ్రహించి, చెయ్యి దించారు.

"అయ్యా, రెండు వారాల తర్వాత మళ్లీ మీ గుమ్మంలో ఉండాలంటే, మేం ఇప్పుడే బయల్దేరాలి," అన్నారు.

ఎందుకని అడిగారు లంకామో గారు. అప్పుడు వొర్కు గారు ఇంజెరాల దగ్గర్నుంచి గడ్డం దాకా ఒక్కటీ వదలకుండా చెప్పారు. లంకామో గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు, బంధువులు గోడలు పట్టుకుని నవ్వారు. ఇంత తిప్పలుపడి వచ్చినవాళ్లను తిప్పి పంపడం పాపమని ఎవరో అన్నారు. మాట లంకామో గారి నోటిదాకా వచ్చింది. చూశారా, నూట ఇరవై కిలోమీటర్ల కారు మహిమ! అదే పెట్రోలు కారైతే మమ్మల్నెవరు కరుణించేవారు?

అప్పుడు హిరుత్ తల్లి లోపల్నుంచి వచ్చింది. ఆవిడ నవ్వడం లేదు.

"అయిదు గంటల దారికి మీకు నాలుగు రోజులు పట్టింది. రేపు నాకు బాగోలేదని కబురంపితే, నా కూతురు ఎన్నాళ్లకొస్తుంది?" అని అడిగింది.

 నేను నోటుబుక్కు తెరిచాను. మోజో, మెకి, పిండిమిల్లు, మంగలి షాపు. ఆవిడకి చూపించదగ్గ పేజీ ఒక్కటీ లేదు. మూసేశాను. ఇన్నాళ్లూ ఈ కారుని వెనకేసుకొచ్చినందుకు సిగ్గేసింది.

"బస్సులో వస్తుందమ్మా. పొద్దున కబురందితే సాయంత్రానికి నీ మంచం పక్కనుంటుంది. కారు వాడు ఊళ్లో తిప్పుకుంటాడు. ఇది నా మాట," అన్నారు వొర్కు గారు.

ఆవిడ లోపలికెళ్లి, ఒక కుర్చీ తెచ్చి, ఆయన వెనక వేసింది.

అలా మా సురాఫెల్ పెళ్లి ఖాయమైంది. కారుని చూసి కాదు, బస్సుని చూసి. అది డీజిలు బస్సని చెప్పడానికి మా ముగ్గురిలో ఎవరూ నోరు విప్పలేదు.

కారు మీద నాకు కోపం లేదు పాఠకులారా. పొగ లేదు, చప్పుడు లేదు, పాపం దాని శక్తి కొద్దీ అది నడిచింది. మోజో నుంచి హవాసా దాకా ఒక్క చార్జింగు స్తంభం మా కంట పడలేదు, అంతే. ఇక మీదట ఈ కార్లే కొనుక్కోండని మాకు చెప్పిన పెద్దలెవరో గానీ, వాళ్ల కూతుళ్లనందరినీ పక్కవీధిలోనే ఇచ్చుకుని ఉంటారు.