ఓటమి ఎరుగని శిఖరాలు జట్టు

దేశంలో జీతమిచ్చి ఆడించే రగ్బీ పోటీలు లేవన్న లోటును ఒక సోమవారం ఉదయం పదిన్నరకు గుర్తించారు. పదకొండుకల్లా తీర్చేశారు. ఆ అరగంటలోనే టీ కూడా అయిందంటే రగ్బీ సమాఖ్య ఎంత చురుగ్గా పనిచేస్తుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

"మిగతా ఆటల్లో బంతి ఎటు పోతుందో చూసేవాడికి తెలిసిపోతుంది" అని చైర్మన్ గారు విలేఖరుల ముందు సెలవిచ్చారు. "ఈ కోలబంతి నేల తాకాక ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అంచేత ఈ పోటీలు నడపడానికి మాకంటే అర్హులు లేరు!"

చప్పట్లు మోగాయి. ఆరు జట్లు, పది వారాలు, చివర్న మొదటి రెండు జట్లకు ఫైనల్ అని ప్రకటించారు. ఆరింటిలో ఐదు జట్లు నిజంగానే ఏర్పడ్డాయి. ఆరోదాని పేరు శిఖరాలు. దాని అధ్యక్షుడు చైర్మన్ గారి సొంత తమ్ముడు. ఆ జట్టుకు ఆఫీసు, బోర్డు, లెటర్‌హెడ్డు అన్నీ సమకూరాయి. ఆటగాళ్లు మాత్రం త్వరలో సమకూరవలసి ఉంది.

ఆ ఐదింటిలో ఒకటైన ఉరుములు జట్టుకు బరువైన మనుషులు కావలసివచ్చినప్పుడు సమాఖ్య ఆఫీసులో టైపిస్టుకు తన బావ గుర్తొచ్చాడు. ఆ బావను లోకమంతా బీరువా అంటుంది. ఇళ్లు మారేవాళ్ల సామాను మోయడం అతని పని. ఒకసారి బీరువాను ఒక్కడే వీపున వేసుకుని నాలుగంతస్తులెక్కి, పైకెళ్లాక తప్పు ఇల్లని తెలిసి, మాటైనా అనకుండా దించుకొచ్చాడు. అప్పటినుంచి కన్నవాళ్లు పెట్టిన పేరు అతనికే పరాయిదైపోయింది.

"బావా, ఈ ఆట నీకోసమే పుట్టింది. ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు తలలు దూర్చి తోసుకోవడమే" అన్నాడు బావమరిది.

"మధ్యలో మెట్లుంటాయా?"

"ఉండవు."

"అయితే అదేం పని, ఆటేగా!" అన్నాడు బీరువా.

అతని భార్య దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకునే అంతా విని, వాటిని తీసి, "ముక్కు జాగ్రత్త, అదొక్కటే చూడ్డానికి బావుంటుంది మీకు" అని ఒప్పుకుంది.

మొదటి మ్యాచ్‌లో సమాఖ్యవారి జెర్సీలు తొలి తోపులాటకే పేలికలయ్యాయి. కర్టెన్ల కోసం కొన్న గుడ్డట. ఆటగాళ్లు సగం దుస్తుల్లో మిగిలారు. పత్రికలు దీన్ని "ఉత్కంఠభరిత ప్రారంభం" అన్నాయి. బీరువా భార్య ఆ వారమంతా కూర్చుని పదిహేను జెర్సీలను సోఫాలు కుట్టే దారంతో మళ్లీ కుట్టింది. ఆ తర్వాత మనుషులు చిరిగారు గాని జెర్సీలు చిరగలేదు.

రెండో వారం అసలు ప్రమాదం బయటపడింది. రగ్బీలో బంతిని చేత్తో వెనక్కే అందించాలి, ముందుకు విసరకూడదు. చైర్మన్ గారు దీన్ని కళ్లారా చూసి దిగ్భ్రాంతి చెందారు. "అభివృద్ధి పథంలో ఉన్న దేశంలో వెనక్కి అందించడమా?" అని సంఘం వేశారు. సంఘం మూడు వారాలు చర్చించి, బంతి వెనక్కే పోవచ్చుగాని ఆటగాళ్లు ముఖాల్లో ముందుచూపు కనబరచాలని తీర్మానించింది.

పోటీల్లో నియమావళిని ఆఖరి పేజీదాకా చదివినవాడు ఒక్కడే. అతను రెఫరీ, అసలు వృత్తి డ్రైవింగ్ స్కూలు మాస్టారు. పాయింట్ల పట్టిక చూసి ముందుగా తల పట్టుకున్నది అతనే. గెలిచిన జట్టుకు రెండు పాయింట్లు. ఏ కారణం చేతనైనా మ్యాచ్ జరగకపోతే ఇద్దరికీ చెరి రెండు. శిఖరాలు జట్టు ఏ మ్యాచ్‌కూ రాలేదు కాబట్టి ఏ మ్యాచ్‌లోనూ ఓడలేదు. పది వారాలయ్యేసరికి ఇరవైకి ఇరవై పాయింట్లతో తిరుగులేని మొదటి స్థానంలో నిలిచింది. "నిలకడకు మారుపేరు" అని క్రీడా పేజీ మెచ్చుకుంది.

పద్నాలుగు పాయింట్లతో రెండో స్థానం ఉరుములది. ఒక పన్ను, రెండు వేలిగోళ్లు, బీరువాగారి అందమైన ముక్కు అందులో ఖర్చయ్యాయి.

ఫైనల్‌కు మూడురోజుల ముందు బావమరిది తానే టైపు చేసిన ఉత్తరం పట్టుకుని బిక్కముఖంతో వచ్చాడు. శిఖరాలు రాలేని పక్షంలో, పట్టికలో మొదట ఉన్నవారే విజేతలు. శిఖరాలు రాలేరు.

బీరువా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచాడు. చిన్నప్పటినుంచీ అతను మోసినవన్నీ ఊళ్లోవాళ్ల సామాన్లే. ఒక్క కప్పయినా తనదని ఇంటికి మోసుకురావాలని ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. భార్యకు తెలుసు.

"ఎదురుగా మనిషి లేకుండా ఓడిపోయి ఇంటికి రాకండి. ఎవరినైనా నిలబెట్టి ఓడండి" అంది ఆమె.

మర్నాడు బీరువా మిగిలిన నాలుగు జట్ల ఆటగాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఒకడు రొట్టెలు కాలుస్తున్నాడు, ఒకడు లిఫ్టు బాగుచేస్తున్నాడు, ఒకడు దంతవైద్యుడి దగ్గర నోరు తెరుచుకుని ఉన్నాడు. అందరినీ ఒకటే అడిగాడు: "శిఖరాలుగా ఆడతావా?" నోరు తెరిచినవాడు కూడా తలూపాడు. పదిహేనుమంది చాలంటే పంతొమ్మిదిమంది పోగయ్యారు. వాళ్లకూ ఆమే జెర్సీలు కుట్టింది.

ఆదివారం ఇరవైవేల కుర్చీల మైదానంలో నలభై ఒక్కమంది ప్రేక్షకుల ఎదుట ఫైనల్ జరిగింది. సంఘాలూ చైర్మన్‌లూ లేకపోవడంతో ఆట అద్భుతంగా సాగింది. రెండు నిమిషాలుందనగా ఉరుములు నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ఐదు. బంతి బీరువాకు అందింది. వీపున లిఫ్టు మెకానిక్కు, కాలికి రొట్టెలవాడు వేలాడుతుండగా ఆరడుగులు నడిచి, ఎప్పుడూ చేసేట్టే మోకాళ్లు వంచి, గోడకు గీటు పడకుండా సామాను దించినంత జాగ్రత్తగా బంతిని గీత అవతల దించాడు. రెఫరీ మాస్టారు ఈల ఊదుతూనే ఏడ్చేశాడు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ కలిసి బీరువాను మోశారు. తనను ఇంకొకరు మోయడం అతనికదే మొదటిసారి. ఎలా కూర్చోవాలో తెలియక నవ్వుతూ ఉండిపోయాడు.

కప్పు మాత్రం అప్పటికే శిఖరాలు ఆఫీసు అద్దాల అల్మరాకు చేరింది. రికార్డులు మార్చడం కుదరదన్నారు. లక్ష్యాలన్నీ నెరవేరాయి కాబట్టి పోటీలను ముగిస్తున్నామని చైర్మన్ గారు సగర్వంగా ప్రకటించారు.

బీరువా తన పనికి తను వెళ్లిపోయాడు. ఇప్పుడు ఏ ఇంట్లో సామాను దించినా ఆ ఇంటివాళ్లు అతన్ని గుర్తుపట్టి, ఆ ఫైనల్ తామూ కళ్లారా చూశామంటారు. లెక్కేస్తే ఆ నలభై ఒక్కమందీ ఈపాటికి మూడువేలు దాటారు. అతను ఎవరినీ కాదనడు. మొన్న ఒకాయన సోఫా ఎక్కడ వెయ్యాలో చూపించి, అందులోనే కూలబడి, గట్టిగా నిట్టూర్చాడు.

"అంత మంచి పోటీలు మూతబడ్డాయంటే తప్పెవరిదంటావు? జనం రాలేదయ్యా! మన జనమే అంత."