చిరుతకి మచ్చలెన్ని?

ఒక పెద్ద అడవిలో పైడమ్మ అనే కొండముచ్చుకి చెట్టెక్కి అరవడమే ఉద్యోగం. మద్దిచెట్టు చిటారు కొమ్మన కూర్చునేది. చిరుత కనబడితే చాలు, "ఖక్! ఖక్!" మని గొంతు చించుకునేది. కింద మేసే జింకలన్నీ ఒక్క ఉరుకున వాగు దాటేసేవి. పన్నెండేళ్ళలో ఒక్క లేడికూన కూడా పోలేదు.

ఒక వేసవిలో పట్నం నుంచి నక్క దిగింది. అక్కడేదో కంప్యూటర్ కంపెనీ క్యాంటీను వెనక మూడేళ్ళు ఎంగిలాకులు నాకిందట. మెడలో ఐడీ కార్డు వేలాడుతోంది.

"ఇంకా ఈ అరుపులేమిటండీ, నామోషీగా!" అంది అడవి సంఘం సభలో. "యాప్ పెడదాం. చిరుత వస్తే అందరి ఫోన్లూ టింగుమంటాయి."

ప్రెసిడెంటు ఏనుగు భద్రయ్యకి ఆ టింగు తెగ నచ్చేసింది. "మరి మన పైడమ్మ?"

"ఆవిడకి ప్రమోషనండి. డేటా ఆఫీసరు. ఇక అరవకూడదు, నమోదు చెయ్యాలి."

పైడమ్మ మురిసిపోయింది. మర్నాడు చిరుత కనబడగానే ఫోను తీసింది. రంగు? రాసింది. ఏ దిక్కు? రాసింది. మచ్చలెన్ని? అక్కడ ఆగిపోయింది. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకి కదలదు. ముప్పై ఏడు దాకా లెక్కపెట్టేసరికి చిరుత అటు తిరిగింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది. ఈలోగా చిరుత ఒక దుప్పిని ఈడ్చుకుపోయింది.

ఆ పూట పైడమ్మకి పండు సయించలేదు.

"నక్కగారూ, ఆ మచ్చల గడి తీసెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

"ఎలా తీస్తామమ్మా? వచ్చింది ఏ చిరుతో తెలియొద్దూ?"

నెల తిరిగేసరికి మూడు దుప్పులు పోయాయి. ఒక్క ఫారమూ పూర్తవలేదు. నక్క సభ పెట్టి, "ఈ నెల అడవికి వచ్చిన చిరుతలు సున్నా!" అని ప్రకటించింది. భద్రయ్య తొండంతో నక్కకి శాలువా కప్పాడు.

అప్పుడే వేదిక వెనక పొద కదిలింది. చిరుత!

పైడమ్మ వేలు ఫోను మీదికి పోయింది. మళ్ళీ అదే గడి. ఆ పొదకి నాలుగడుగుల్లో సింగారమ్మ అనే లేడి, నిన్ననే ఈనింది, కూనకి పాలిస్తోంది. పైడమ్మ ఫోను విసిరికొట్టింది.

"ఖక్! ఖక్! ఖక్!"

సభ చెల్లాచెదురైంది. సింగారమ్మ కూనతో సహా వాగు దాటేసింది. నక్క కాళ్ళకి మాత్రం శాలువా చుట్టుకుంది. ఎలాగో ప్రాణం దక్కింది గానీ, సగం తోక చిరుత నోట్లో ఉండిపోయింది.

మర్నాడు పైడమ్మకి మెమో వచ్చింది. అనుమతి లేకుండా అరిచినందుకు, రాని చిరుత వచ్చిందని పుకారు పుట్టించినందుకు సస్పెన్షన్.

"చిరుతే రాకపోతే మీ తోకేమయిందండీ?" అని నక్కనే అడిగింది సింగారమ్మ.

"సాంకేతిక లోపం," అంది నక్క.

సింగారమ్మ కూనని తీసుకెళ్ళి పైడమ్మ ఉన్న చెట్టు కింద మేయసాగింది. సాయంత్రానికి మందంతా అక్కడికే చేరింది. యాప్ వాడకం అద్భుతంగా ఉందని సంఘం తీర్మానం చేసింది.

నీతి: చిరుత కంటే ప్రమాదకరమైన జీవి, చిరుత వచ్చిందని అరిచే ఉద్యోగి.