ఆరో బ్యాటరీ మీద విచారణ

మానవజాతి చక్రాన్ని కనిపెట్టింది. దాన్ని సక్రమంగా ఆపే పద్ధతిని మాత్రం మా పెద్దాసుపత్రి కనిపెట్టింది. రెండోదే కష్టం. దానికి ఏడు సంతకాలు కావాలి.

గేటు నుంచి కంటి విభాగానికి అర కిలోమీటరు, అంతా ఎత్తు. నడవలేని రోగుల కోసం ఒక కరెంటు గోల్ఫ్ బండి కొన్నారు. బండి వచ్చిన రోజే చక్రాల కుర్చీలన్నిటినీ స్టోరులో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత బండిని మెరుగుపరచడం మొదలుపెట్టారు. సౌకర్యాల విభాగం ఫ్యాను బిగించింది. ప్రచార విభాగం మైకు పెట్టింది. స్వాగత విభాగం ఒక తెర తగిలించింది, అందులో పెద్ద అధికారి నవ్వుతూ నమస్కారం పెడుతుంటారు. (నిమిషానికి పన్నెండు సార్లు. బండెక్కే ముందు ఖాళీగా కూర్చున్నాను కాబట్టి లెక్కపెట్టాను.)

ఆ రోజు పెద్దమ్మను కంటి ఆపరేషన్‌కి తీసుకొచ్చాను. పదకొండుకల్లా పైన ఉండాలి, తప్పితే మళ్లీ నాలుగు నెలలకే. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఈ రెండోదాన్ని ఆలస్యం చేస్తే ఇదీ దక్కదని డాక్టరు ముందే చెప్పారు. మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి రెండేళ్లయింది. పదింబావుకు బండెక్కాం. మైకు "దయచేసి దారి..." అని మూలిగి ఊరుకుంది. పెద్ద అధికారి నమస్కారం సగంలో ఆగింది. బండి అంగుళం కదల్లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి సీటు ఎత్తి, మీటరు పెట్టి చూశాడు.

"ఆరు బ్యాటరీలుంటే ఈ సోకులన్నీ ఆరోదానికే తగిలించారండీ. అది కాస్తా చచ్చింది. వరసలో ఒక్కటి చచ్చినా బండి కదలదు. ఈ వైర్లు పీకేసి, స్టోరులో ఉన్న కొత్తది పెడితే పది నిమిషాల పని."

"మరి పెట్టు నాయనా," అంది పెద్దమ్మ.

"సార్ రావాలమ్మా."

సార్ అంటే మార్పు చేసిన వాహనాల విద్యుత్ లోప నిర్ధారణాధికారి. పదిన్నరకు వచ్చారు. లావుపాటి పుస్తకం తెరిచి, అందులోని బొమ్మను బండితో పోల్చి చూశారు.

"పుస్తకంలో ఈ బండికి ఫ్యాను లేదు. లేని ఫ్యాను కరెంటెలా తింటుందయ్యా?"

"కళ్ల ముందే ఉంది కద సార్!"

"కళ్లకు కనబడితే సరిపోదు. నిర్ధారణ జరగాలి. బండిని షెడ్డుకి తీసుకురండి."

"సరే సార్, తోసుకొస్తాం."

"తోయకూడదు. నడుపుకుంటూ రావాలి. కదలని బండిని మేం తీసుకుంటే, అది బయట చెడిందో మా దగ్గర చెడిందో ఎవరు చెప్తారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. బండిని పైకే తోసుకుపోతామన్నాను. సార్ ఓపిగ్గా వివరించారు. మనుషులు తోస్తే అది విద్యుత్ వాహనం కాదు, మనుషుల వాహనం అవుతుంది. అది కొత్త మార్పు కిందికి వస్తుంది, కొత్త అనుమతి కావాలి. పోనీ వైర్లయినా పీకమంటే, ఫ్యాను వైరు ఫ్యాను వాళ్లు, మైకు వైరు మైకు వాళ్లు పీకాలట. (తెర వైరు ఎవరూ పీకరు. అందులో పెద్ద అధికారి ఉన్నారు.)

"టైమెంతయిందిరా?" అని పెద్దమ్మ నాలుగోసారి అడిగింది.

"ఇంకా బోలెడుంది పెద్దమ్మా," అన్నాను. పదకొండుకి ఐదు నిమిషాలుంది.

ఇక లాభం లేదని ఆమెను వీపు మీదికి ఎక్కించుకున్నాను. "ఒరేయ్, పడేస్తావురా!" అని మెడ పట్టుకుంది. దారంతా నా చెవిలో దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. పైకి చేరేసరికి పదకొండూ పది. నా మోకాళ్లు కూడా మాట వినడం మానేశాయి.

కౌంటరులో అమ్మాయి ఆలస్యానికి కారణం అడిగింది. బండి చెడిందన్నాను. ఆమె కంప్యూటరులో వెతికింది.

"చెడినట్టు నిర్ధారణ కాలేదండీ. ఇక్కడ నడుస్తున్నట్టే చూపిస్తోంది. మిగిలింది ఈ ఒక్క కారణమే," అని ఒక గడిలో టిక్కు పెట్టి కాగితం తీసిచ్చింది. 'రోగికి చికిత్సపై ఆసక్తి లేదు' అని ఉంది. కింద నాలుగు నెలల తర్వాతి తేదీ వేశారు.

పెద్దమ్మ కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూసింది.

"ఏం రాశారురా?"

"మళ్లీ రమ్మని తేదీ ఇచ్చారు పెద్దమ్మా."

"పాపం, మంచివాళ్లే," అని, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసింది.