ఇరవై ప్రాపర్ నౌన్లు

ఆ గురువారం పొద్దున హసింతో చొనాయ్‌కి ఒకటే పని. ఫ్యాక్టరీ గేటు తీసేలోగా ఇంగ్లీషు హోంవర్కు పూర్తి చేయాలి.

చిమాల్తెనాంగో ఊరి బయట, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడతను. మోకాళ్లు అరిగిపోయాయి. సూపర్‌వైజరుకైతే కుర్చీ ఉంటుంది. గురువారం సాయంత్రాలు క్లాసుకొచ్చి కాస్త ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లకే ఆ కుర్చీ అన్నారు. ఆరో తరగతి దాటని మనిషి నలభై ఏడో ఏట మళ్లీ పెన్సిలు చెక్కాడు.

"ప్రాపర్ నౌన్ అంటే మనిషి పేరో, ఊరి పేరో. పెద్దక్షరంతో మొదలెట్టాలి. ఇరవై రాసుకురండి. మీ సొంత పేరు మాత్రం వద్దు, అది అందరికీ వచ్చు" అని చెప్పింది టీచరమ్మ.

ఊళ్ల పేర్లు రాద్దామంటే, అతను ఎక్కడికి వెళ్లాడు గనక. కుట్టుమిషన్ల రెండో వరసను కళ్లముందు నిలుపుకుని, ఆ చివరి ఫిదెలీనా నుంచి ఈ చివరిదాకా ఇంటిపేర్లతో సహా రాశాడు. కాగితాన్ని మొక్కజొన్న రొట్టెల మూటలో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర సంచులు తడిమే కాపలావాడు మూట విప్పాడు.

"ఇదేంటి హసింతో గారూ?"

"పేర్లు."

"ఎవరివి?"

"మనవాళ్లవే. ఇరవై మందివి."

కాపలావాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై మంది కలిస్తే యూనియన్ పెట్టొచ్చన్నది అక్కడ అందరికీ తెలుసు. ఇదివరకు ఇద్దరు ఆ ప్రయత్నం చేశారు. ఒకడు జైల్లో తేలాడు. రెండోవాడు ఎక్కడా తేలలేదు.

ఎనిమిదింటికల్లా కాగితం మేనేజరు బారియాస్ బల్ల మీదికి చేరింది.

"ఎవరు రాయమన్నారు?"

"టీచరమ్మ, సారూ."

"ఓహో, ఆవిడ కూడానా. ఎక్కడ కలుస్తుంటారు?"

"మన భోజనాల గదిలోనే."

"అన్నిటికీ పెద్దక్షరాలెందుకు?"

"అలా రాస్తేనే చెల్లుతుందంట."

"చెల్లుతుందని కూడా చెప్పిందా?"

"ఇది ఇంగ్లీషు హోంవర్కు సారూ."

"ఇందులో ఒక్క ఇంగ్లీషు ముక్క చూపించు."

హసింతో పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికాడు. దొరకలేదు.

బారియాస్ కాగితంలో ఉన్నవాళ్లను వరసగా ఒక్కొక్కరినీ పిలిపించి రాజీనామా కాగితం ముందు పెట్టాడు. ఎవరూ సంతకం చేయలేదు. భోజనాల వేళ ఫిదెలీనా రొట్టె పక్కన పెట్టేసింది.

"యూనియన్ పెట్టామని మనల్ని పీకేస్తారంట. పెట్టలేదని ఏడ్చినా పీకేస్తారు. ఆ పెట్టేదేదో పెట్టే పోదాం, లేవండి."

ఇరవై మందీ కార్మికశాఖ కార్యాలయానికి నడిచి వెళ్లి అర్జీ ఇచ్చారు. గుమాస్తా ఆవులిస్తూ ముద్ర వేశాడు. ఇక చట్టప్రకారం కోర్టు ఒప్పుకుంటే తప్ప వాళ్లలో ఒక్కరినీ పనిలోంచి తీసే వీల్లేదు.

తిరిగొచ్చాక ఫిదెలీనా ఇస్త్రీ బల్ల దగ్గర ఆగింది. "భలేవాడివయ్యా, నోట్లో నాలుక లేదనుకున్నాం. అంతా చేసి నీ పేరు వదిలేశావేం?"

"వద్దన్నారమ్మా."

"రేపు కలుపుతాంలే."

రేపటిదాకా ఎవరాగారు. సాయంత్రం గంట కొట్టకముందే బారియాస్ పిలిపించాడు. "పైవాళ్లకు ఎవరో ఒకర్ని తీసేసినట్టు చూపించాలి. ఆ కాగితంతో సంబంధం ఉండీ అందులో పేరు లేనివాడివి నువ్వొక్కడివే."

"నేను పెట్టలేదు సారూ యూనియను."

"తెలుసు. పెట్టుంటే నిన్ను తీసేవాణ్ణి కాదు."

మర్నాడు ఆ ఇస్త్రీ బల్ల దగ్గరికి బారియాస్ స్వయంగా ఒకణ్ణి ఏరి తెచ్చాడు, చదవడం రాయడం రానివాణ్ణి.