చింతలేరు లోయలో పులి దర్శనం

"చింతలేరు లోయ సఫారీలో పులి కనిపించి తీరుతుంది. ఈ మేరకు ఆదేశాలు జారీ చేశాను" అని మంత్రి అంకమ్మరావు గారు పర్చూరు సభలో ప్రకటించారు. ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పులికి నేరుగా ఆదేశాలు ఇవ్వలేదు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

చింతలేరు మా ఊరి పక్క రిజర్వు అడవిలోంచి వస్తుంది. అడవి అయిపోయేచోట మా నాయనమ్మ వెంకటరావమ్మ చేను. చుట్టూ అందరివీ మిరపతోటలు, ఆవిడది ఒక్కటే మొక్కజొన్న. మిరపను కోతులు ముట్టవు. అందుకని అడవిలో కోతులన్నీ మా నాయనమ్మనే నమ్ముకున్నాయి. ఆవిడ చిలకలూరిపేట హైవే పక్కన అమ్మే పెద్ద పులిబొమ్మను కొనుక్కొచ్చి గట్టు మీద కూర్చోబెట్టింది. దాన్ని రోజూ పొద్దున్నే వేరే చోటికి మార్చాలి. ఒకేచోట ఉంచితే అది బొమ్మేనని కోతులు కనిపెట్టేస్తాయి.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు ఓపెన్ జీపులో లోయలోకి వెళ్లారు. ముందు డప్పులు, వెనక కార్లు. మంత్రిగారు వస్తున్నట్టు జంతువులకు తెలియాలని దారిపొడవునా టపాకాయలు. లోయంతా తిరిగినా ఉడత కూడా కనిపించలేదు.

"జంతువులేవయ్యా?"

"తమర్ని చూసి మొహమాటపడుతున్నాయి సార్" అన్నారు రేంజర్ లక్ష్మీకాంత్ గారు.

తిరిగొస్తూ మా చేను దగ్గర మంత్రిగారు జీపులో లేచి నిలబడ్డారు. "ఆపండి! అదిగో పులి!"

నేనూ నాయనమ్మా అక్కడే ఉన్నాం. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. నాయనమ్మకు ఆ ఇబ్బంది లేదు.

"పులేందయ్యా, అది బొమ్మ! నేనే కొన్నా."

"ఏయ్ మామ్మా, మంత్రిగారు పులన్నాక పులే. నీకు చూపు ఆనట్లేదు" అన్నాడు పార్టీ కార్యకర్త కోటేష్.

మంత్రిగారు తదేకంగా చూశారు. "కదలడం లేదేంటి?"

రేంజర్ గారు నుదురు తుడుచుకున్నారు. "క్రమశిక్షణ సార్. తమరి ఆదేశాలు అందినట్టున్నాయి."

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. సాయంత్రానికి మా చేను చుట్టూ తీగ కట్టి బోర్డు పెట్టారు: 'పులి సంచార ప్రాంతం. ప్రవేశం నిషిద్ధం.'

"పొత్తులు విరిచే టైమయ్యా! నా చేలోకి నేను పోకూడదా?" అంది నాయనమ్మ.

"మీ ప్రాణాల కోసమేనమ్మా" అన్నారు రేంజర్ గారు.

"నేను కొన్న బొమ్మ నన్ను తింటుద్దా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "బొమ్మేనని నాకూ తెలుసమ్మా. నాకు ఉద్యోగం ఉంది."

"పోనీ, రోజూ దాన్ని కాస్త జరపనన్నా జరుపు బాబూ. కోతులు పసిగడతాయి."

"పులిని తాకితే కేసమ్మా."

గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి జనం జీపులెక్కి వచ్చారు. ఎండలకు బొమ్మ రంగు వెలిసింది. తెల్లపులి కూడా వచ్చేసిందని మంత్రిగారు ప్రకటించారు. టికెట్టు ధర పెరిగింది. కోతులు మొదట గట్టు దాకా వచ్చి ఆగాయి. తరువాత ఆగలేదు.

తెల్లపులిని చూడ్డానికి మంత్రిగారు వచ్చినప్పుడు నాయనమ్మ జీపుకి అడ్డంగా నిలబడింది.

"అయ్యా, నా చేను నన్ను చూసుకోనియ్యండి. పంటంతా పోతంది."

"రైతు కన్నీరు నేను చూడలేను" అని మంత్రిగారు నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నారు. అక్కడికక్కడే ఆదేశాలు ఇచ్చారు. "ఈ తల్లికి జీవితాంతం ఉచిత సఫారీ పాస్! ముందు సీటు!"

కెమెరాలు వెలిగాయి. అంత పెద్ద నిర్ణయం అంత తొందరగా తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. పక్కన నేను. గైడ్ షానవాజ్ బైనాక్యులర్స్ ఇచ్చి నిబంధనలు చెప్పాడు. "జీపు దిగకూడదు మామ్మా. కేకలు వెయ్యకూడదు. జంతువులకు తిండి పెట్టకూడదు."

నాయనమ్మ తలూపింది.

మా చేను దగ్గర జీపు ఆగింది. "ఎడమవైపు చూడండి. అరుదైన దృశ్యం" అన్నాడు షానవాజ్.

తెల్లపులి నెత్తిన ఒక కోతి కూర్చుని పొత్తు వలుస్తోంది. పులి తోక మీద, వీపు మీద దాని పిల్లలు.

వెనక సీట్ల వాళ్లు ఫోన్లు తీశారు. నాయనమ్మ బైనాక్యులర్స్ కళ్లకు ఆనించుకుని చాలాసేపు చూసింది.

"ఎంత దగ్గరగా కనపడతన్నయ్యే" అంది నాతో. "గింజ బాగా పట్టింది."