సైకిలుకు నంబరు లేదు, మా పిన్నికి ఉంది

ఎర్రలైటు పడినా ఆగని సైకిలిస్టులకు మనమంతా కలిసి సన్మానం చేయాలి!

నవ్వకండి, సరదాకి అనడం లేదు. నిన్న సాయంత్రం బస్టాపు నుంచి ఇంటికి నడిచి వచ్చేలోగా ముగ్గురు సైకిలిస్టులు నా చొక్కా రాసుకుంటూ పోయారు. మూడో ఆయన పోయాక కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి, దడ తగ్గేదాకా నిదానంగా ఆలోచించి మరీ ఈ నిర్ణయానికి వచ్చాను.

ముందు ఆరోగ్యం సంగతి చూద్దాం. మెడ అటూ ఇటూ తిప్పుతూ ఉండమని మా డాక్టరు ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. బద్ధకిస్టుని, తిప్పితేనా? మా వీధిని వన్‌వే చేసినప్పటి నుంచి సైకిళ్ళన్నీ ఎదురు రావడం మొదలుపెట్టాయి. ఇప్పుడు రోడ్డు దాటాలంటే ఎడమకి, కుడికి, వెనక్కి, మళ్ళీ ఎడమకి తిప్పక తప్పదు. మెడనొప్పి మాయమైపోయింది. గుండెదడ ఒక్కటే మిగిలింది, దానికి వేరే డాక్టరున్నాడు.

గంట కొట్టరని కొందరి గోల. ఎందుకు కొట్టాలండీ? మనం ఉలిక్కిపడి పెట్టే కేక ఆ గంటకంటే గట్టిగా వినిపిస్తుంది కదా!

ఇక రెండు చేతులూ వదిలేసి, ఫోనులో మెసేజ్ కొట్టుకుంటూ ఫుట్‌పాత్ మీద వచ్చే కుర్రవాళ్ళున్నారు. వాళ్ళని తిట్టేవాళ్ళు ఒక్క విషయం గమనించరు. ఎదుటి మనిషి మీద ఇంత నమ్మకం ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి? నేను సమయానికి పక్కకి దూకుతానని ఆ అబ్బాయికి నా మీదున్న నమ్మకం, పాతికేళ్ళు కాపురం చేసిన మా ఆవిడకి కూడా లేదు.

మరి చట్టం మాటేమిటి, దాన్ని అమలు చేయాల్సింది ఎవరు అని అడుగుతారేమో. ఆ ప్రశ్న మా పిన్ని అడిగింది. అడిగినందుకు ఆవిడ ఎంత అభివృద్ధిలోకి వచ్చిందో చెబుతాను, వినండి.

మా పిన్ని అంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు. దర్జీ పని చేస్తుంది. నాలుగు రోడ్ల కూడలిని ఆనుకుని, రెండు మిషన్లూ ఒక కటింగ్ బల్లా పట్టేటంత షాపు ఆవిడది. బాబాయి పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఇల్లు నడుస్తున్నది ఆవిడ కుడిచేతి మీదే. స్కూలు యూనిఫారాలు కుట్టడంలో దిట్ట. అర అంగుళం తేడా వచ్చిందంటే, పిల్లాడు చొక్కా తొడుక్కుని గుమ్మం దాటుతున్నా సరే, వెనక్కి పిలిచి విప్పించి మళ్ళీ కుడుతుంది.

బడులు తెరవడానికి ఇంకా మూడు వారాలుందనగా ఒకరోజు పొద్దున్న గుండీలు అయిపోయాయి. గుండీల కొట్టు రోడ్డుకి అవతల ఉంది. స్కూటర్ షాపు ముందు స్టాండు వేసే ఉంది. రెండడుగుల దూరానికి బండెందుకని పిన్ని నడిచే వెళ్ళింది. గుండీలు కొని, మనుషులు దాటే పచ్చలైటు వెలిగేదాకా ఆగి, తెల్లచారల మీద అడుగు వేసింది. సగం దాటిందో లేదో, రాకూడని వైపు నుంచి ఒక సైకిలు వచ్చి గుద్దేసింది.

నడిపినవాడేమీ చిన్నపిల్లాడు కాదు. యాభై ఏళ్ళ పెద్దమనిషి! ఒంటికి అతుక్కుపోయిన పసుపుపచ్చ బనీను, నల్లకళ్ళద్దాలు, నెత్తిన హెల్మెట్. ఇద్దరూ పడ్డారు. ఆయన లేచి ముందు సైకిలు చూసుకున్నాడు, తర్వాత వాచీ చూసుకున్నాడు. "ఛ, యావరేజ్ స్పీడు మొత్తం పోయింది!" అన్నాడు. ఆ తర్వాత పిన్ని కనిపించింది. "కాస్త చూసుకుని నడవాలి కదమ్మా" అని బుద్ధి చెప్పి, ఎక్కి వెళ్ళిపోయాడు. గుండీలు రోడ్డంతా దొర్లిపోయాయి. పిన్ని కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ఆ చేతికి కట్టు వేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. వ్యంగ్యం రాసేవాడు ఏడిస్తే బాగుండదని బయటికొచ్చి ఏడ్చాను.

పిన్ని మాత్రం ఏడవలేదు. "ఒరేయ్, దీనికి ఎవరో ఒకరు బాధ్యులుంటారు కదా. పద, అడుగుదాం" అంది. నేను పత్రికలకి రాస్తాను కాబట్టి నన్ను చూస్తే ఆఫీసుల్లో భయపడతారని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడం ఎందుకని వెంట వెళ్ళాను.

రవాణా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు. "సైకిలుకి రిజిస్ట్రేషన్ ఉండదమ్మా. రిజిస్ట్రేషన్ లేనిది మా లెక్కలో వాహనం కాదు. మున్సిపాలిటీ వాళ్ళని అడగండి" అన్నాడు. మున్సిపాలిటీలో ఒక మేడం చారల వరకే తమ బాధ్యత అంది. "చారలు సరిగ్గా ఉన్నాయా? కనిపించాయా?" అని ఆత్రంగా అడిగింది. కనిపించాయంది పిన్ని. "అయితే మా తప్పేం లేదు. ట్రాఫిక్ స్టేషన్‌కి వెళ్ళండి" అని ఊపిరి పీల్చుకుంది.

ట్రాఫిక్ స్టేషన్‌లో కంప్యూటర్ ముందున్న కానిస్టేబుల్ నిజంగా మంచివాడు. కథంతా విని, "అయ్యయ్యో, కుడిచెయ్యేనా పిన్నిగారూ!" అన్నాడు. నేను పిన్నీ అనడం విని ఆయనకీ పిన్నే అయిపోయింది. అన్నీ టైపు చేసుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు.

"ఢీకొన్న బండి నంబరు?"

"సైకిలు బాబూ. నంబరుండదు."

"అక్కడ నంబరు వేయకపోతే తర్వాత పేజీకి పోదు పిన్నిగారూ. ఖాళీగా వదిలేస్తే ఎర్రగా అరుస్తుంది."

సైకిలిస్టుల కోసం ఎర్రగా అరిచే యంత్రం ఈ ఊళ్ళో అదొక్కటే అనుకుంటాను.

ఆయన తల గోక్కున్నాడు. సున్నాలు కొట్టి చూశాడు, ఒప్పుకోలేదు. అసలు అంత దయగల మనిషి కాకపోతే అక్కడితో మమ్మల్ని పంపేసేవాడు, కథ కంచికి పోయేది. కానీ పిన్ని చేతి కట్టు చూసి జాలిపడ్డాడు. "మీకేమైనా బండి ఉందా?" అని అడిగాడు. స్కూటరుందంది పిన్ని. "ఆ నంబరు చెప్పండి. ఊరికే పేజీ ముందుకి పోవడానికి. తర్వాత మార్చేద్దాం" అన్నాడు. పిన్ని చెప్పింది. పేజీ ముందుకి పోయింది. ఆ తర్వాత మార్చడమనేది, మనలో ఎవరికీ గుర్తుండనట్టే, ఆయనకీ గుర్తు లేదు.

నెల తిరక్కుండానే నోటీసు వచ్చింది. మన వ్యవస్థ నిద్రపోతోందనేవాళ్ళు సిగ్గుపడాలి! ఫలానా నంబరు స్కూటరు యజమానురాలైన మీరు, ఫలానా రోజున, తెల్లచారల మీద నడుస్తున్న దర్జీ పని చేసుకునే ఒక మహిళను గుద్ది, ఆవిడ మణికట్టు విరగ్గొట్టి, ఆగకుండా పారిపోయినారు. మీ లైసెన్సు ఎందుకు రద్దు చేయరాదో వచ్చి చెప్పుకోండి. ఇదీ సారాంశం.

పిన్ని ఎడమచేత్తో నోటీసు పట్టుకుని రెండుసార్లు చదివింది. "పాపం ఎవరో దర్జీ ఆవిడేరా" అంది. మూడోసారి చదివాక కుర్చీలో కూలబడింది. లైసెన్సు పోతే స్కూటరు కదలదు. స్కూటరు కదలకపోతే గుడ్డ థానులు షాపుకి రావు, కుట్టిన యూనిఫారాలు బడులకి పోవు. చెయ్యి ఆరు వారాల్లో అతుక్కుంటుంది, వేరే దర్జీకి వెళ్ళిన బడి తిరిగి రాదు. ఆవిడ భయమల్లా అదే.

విచారణ రోజున రవాణా ఆఫీసులో ఆఫీసరుగారు ఫైలు తిరగేశారు.

"ఢీకొట్టింది మీ బండే అని రికార్డులో ఉంది కదమ్మా?"

"సార్, ఆ టైముకి బండి మా షాపు ముందు స్టాండు వేసి ఉంది."

"అంటే నడిపే మనిషి లేకుండానే వెళ్ళి ఢీకొట్టిందా? అది ఇంకా పెద్ద నేరం!"

"కాదు సార్, దెబ్బ తగిలింది నాకే. ఆ దర్జీని నేనే."

ఆఫీసరుగారు కళ్ళజోడు సవరించుకుని, ఫైలు వంకా పిన్ని వంకా మార్చి మార్చి చూశారు. "బాధితురాలు కూడా వచ్చిందన్నమాట. మంచిదే, పని తొందరగా తేలుతుంది" అన్నారు.

"నా ఫిర్యాదు నేను వెనక్కి తీసేసుకుంటాను సార్" అంది పిన్ని దీనంగా.

"అలా కుదరదమ్మా. నిందితురాలు పక్కనే ఉండగా బాధితురాలు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే బెదిరించారనుకుంటారు."

నేను ఆగలేకపోయాను. "సార్, ఇద్దరూ ఒకే మనిషి!" అన్నాను. మీరెవరన్నారు. పత్రికలకి వ్యంగ్యం రాస్తానన్నాను. "ఓహో, అయితే పర్వాలేదు, కూర్చోండి" అన్నారు. పిన్ని నమ్మకం ఆ క్షణంతో చచ్చిపోయింది.

చివరికి ఆయనే దయతలచి రాజీ ఫారం తీయించారు. దాని మీద రెండు పక్షాలూ సంతకాలు పెట్టాలి. పిన్ని ఎడమచేత్తో వంకరటింకరగా పైన ఒకటి, కింద ఒకటి పెట్టింది. ఆఫీసరుగారు రెండూ వేలితో పోల్చి చూసి మొహం చిట్లించారు. "రెండూ ఒకే చేతిరాతలా ఉన్నాయేమిటి? ఫోర్జరీ కేసు కూడా పెట్టమంటారా?" అన్నారు. పిన్ని వద్దు మహాప్రభో అంది. సరే, మొదటి తప్పు కాబట్టి లైసెన్సు మూడు నెలలు మాత్రమే సస్పెండ్ చేసి, ఇకమీదట పాదచారుల పట్ల జాగ్రత్తగా ఉండమని పంపించారు.

మా పసుపు బనీను పెద్దమనిషి ఈపాటికి తన యావరేజ్ తిరిగి సంపాదించుకునే ఉంటాడు. ఆయనకి నోటీసు రాలేదు. ఎందుకు వస్తుంది? ఆయనకి నంబరు లేదు, ఆగే అలవాటు లేదు. చట్టం మాత్రం ఎంతసేపని పరిగెడుతుంది పాపం? ఎదురుగా, నంబరుతో, అడ్రసుతో, బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడిన మనిషి దొరికితే అక్కడే కూలబడుతుంది.

కట్టు విప్పారు. సస్పెన్షన్ ఇంకా రెండు నెలలుంది. ఉన్న నాలుగు బడుల్లో రెండు అప్పటికే చేజారిపోయాయి. మిగిలిన రెండిటికైనా యూనిఫారాలు చేర్చాలని పిన్ని ఒక పాత సైకిలు కొంది. అమ్మయ్య, ఆవిడకి ఇన్నాళ్ళకి జ్ఞానోదయమైందని సంతోషించాను. ఇక నంబరు లేదు, లైసెన్సు లేదు, నోటీసు లేదు! రాజమార్గం!

మొదటిరోజు వెనక క్యారియర్ మీద యూనిఫారాల మూట కట్టుకుని బయల్దేరింది. ఎలా తొక్కుతుందో అని వెనకే నడిచాను. అదే కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. ఆవిడ ఆగిపోయింది!

వెనక వస్తున్న నాలుగైదు సైకిళ్ళు ఈ ఘోరాన్ని ఊహించలేదు. ఒకదాని మీదొకటి పడ్డంత పనయింది. "ఏంటండీ ఆంటీ, ఆగుతున్నానని ముందే చెప్పాలి కదా!" అని ఒకడు అరిచాడు. అక్కడ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ విజిల్ వేసుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, సైకిలే కదా, వెళ్ళిపోండి! అందరినీ ఎందుకు ఆపుతారు?"

"ఎర్రలైటుంది బాబూ."

"అది బండ్లకమ్మా!"

"దాటేది మనుషులేగా" అంది పిన్ని.

అప్పుడే చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఒకాయన తెల్లచారల మీదికి దిగాడు. పిన్ని సైకిలు చూసి ఠక్కున ఆగిపోయాడు. "ముందు నువ్వు వెళ్ళమ్మా, నాకు భయం" అన్నాడు. "నేను కదలను. మీరు నిదానంగా దాటండి" అని పిన్ని కాలు కింద పెట్టి నిలబడింది. ఆయన రెండడుగులకొకసారి ఆవిడ వంక అనుమానంగా చూస్తూ, చూస్తూ, అవతలికి చేరాడు. ఆ మణికట్టు ఇంకా నొప్పి పెడుతూనే ఉంది. అయినా పచ్చలైటు పడేదాకా బ్రేకు వదల్లేదు.

చూశారా అనర్థం! ఒక్క మనిషి ఆగినందుకు ఐదుగురి యావరేజులు నాశనం, ఒక కానిస్టేబుల్ గొంతు వృథా. ఈ జబ్బు నలుగురికీ అంటుకుంటే ఏం కావాలి? కాబట్టి సంబంధిత అధికారులకు నా విన్నపం. రవాణా, మున్సిపాలిటీ, ట్రాఫిక్, ఈ ముగ్గురిలో సంబంధిత అధికారి ఎవరన్నది మీలో మీరే తేల్చుకోండి. మా పిన్నిని మాత్రం తక్షణం అరికట్టండి.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఆ కూడలికి రండి. ఎర్రలైటు దగ్గర ఆగి ఉండేది ఆవిడ ఒక్కతే.