చిన్నయ్య రుచి చూడని గ్లాసు

బుధవారం ఉదయం టీ తాగుతూ చిన్నయ్య ఒక కాగితం మీద మూడు రోజుల పని రాసుకున్నాడు. బుధవారం టమాటా రసం, గురువారం వోడ్కా కొలత, శుక్రవారం కారం. శనివారం పదకొండు గంటలకు పరీక్ష.

దక్షిణాఫ్రికాలో, డర్బన్ సముద్రతీరంలోని హోటల్లో అతను ఇరవై రెండేళ్లుగా ట్రేలు మోస్తున్నాడు. ఆ హోటల్లో బార్ కౌంటర్ వెనక నిలబడే పని భారతీయులకు ఇచ్చేవారు కాదు. అన్ని జాతులవారూ ఓటేసిన తొలి ఎన్నికలైన మరుసటి ఏడాది, 1995లో, కొత్త మేనేజర్ లొరెయిన్ ఆ కౌంటర్ నడిపే హెడ్ బార్‌మన్ ఉద్యోగం అందరికీ తెరిచింది. షరతు ఒకటే. ఎవరి పద్ధతిలో వారు బ్లడీ మేరీ కలిపి చూపించాలి. అంటే టమాటా రసం, వోడ్కా, నిమ్మకాయ, మిరియాలు, ఒక ఘాటు సాసు. చిన్నయ్యకు యాభై మూడేళ్లు. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు.

భార్య భాగ్యం కాగితం చూసింది. "మరి రుచెవరు సూత్తారు?"

చిన్నయ్య పెన్ను కింద పెట్టాడు. అది పెరటాసి నెల. భాగ్యం తల్లి తమిళామె. ఆమెతో ఇంటికొచ్చిన ఉపవాసం. నెలంతా మాంసం, చేప, మందు నాలుకకు తగలకూడదు.

పక్కింటి డెరిక్ క్రైస్తవుడు. అతనికి ఏ నెలా అడ్డు కాదు, రుచి తను చూస్తానన్నాడు. పైగా శనివారం తన బక్కీ వ్యానులో హోటల్ దగ్గర దింపుతానన్నాడు. ఆ సాయంత్రమే వచ్చి మొదటి గ్లాసు ఖాళీ చేసి, "ఇంకోసారి చూస్తేగానీ చెప్పలేను అంకుల్" అన్నాడు.

"ఒరే, నాలిక్కి సెంచా సాలదేటి? గ్లాసెందుకు?" అంది భాగ్యం.

"సెంచాతో నాలుకకే తెలుస్తాది ఆంటీ. గొంతుకు కూడా తెలియాలి గదా."

గురువారం కూతురు వనీషా సాసు సీసా మీది అక్షరాలు చదివింది. "డాడీ, దీంట్లో చేప ఉంది!" ఆ సీసా పట్టుకున్న చేత్తో దీపం ముట్టుకోవద్దని చెప్పి భాగ్యం దాన్ని డెరిక్‌కు ఇచ్చేసింది. బదులుగా చింతపండు పులుసు, జీలకర్ర, చిటికెడు ఇంగువ పడ్డాయి. గ్లాసులో గుచ్చే సెలరీ కాడ దొరకలేదు. పెరట్లోంచి కరివేపాకు రెబ్బ వచ్చింది. ఒక్కో మార్పునూ విడిగా పరీక్షించాలన్నాడు డెరిక్. పరీక్షించాడు. శుక్రవారం సాయంత్రానికి కూడా వోడ్కా సీసా మెడ దాకా నిండుగానే ఉంది.

"మంచి కంపెనీ. ఎంత పోసినా తరగట్లేదు" అన్నాడు చిన్నయ్య.

శనివారం డెరిక్ లేవలేదు. అతని భార్య ఐరిస్ కిటికీలోంచి చెప్పింది. "కదిపితే పాడుతున్నాడు అంకుల్. లేవట్లేదు."

చిన్నయ్య తెల్ల యూనిఫాం వేసుకుని, వోడ్కా సంచిలో, టమాటా జగ్గు ఒళ్లో పెట్టుకుని, తామున్న రెడ్‌హిల్‌లో మినీబస్ టాక్సీ ఎక్కాడు. మూడో మలుపులో జగ్గు మూత ఊడింది. పక్క సీటులోని డాలీ అనే పెద్దావిడ అతని చొక్కా చూసి కేక పెట్టింది.

"యో! ఈయన్ని పొడిచేశారు!"

"టమాటా అమ్మా, టమాటా!"

"పాపం, మాట తడబడతాంది" అని ఆమె తన శాలువా తీసి అతని పొట్టకు అదిమింది. డ్రైవర్ స్టాపులన్నీ దాటేసి ఆస్పత్రి గేటు దగ్గర ఆపాడు. నర్సు చొక్కా ఎత్తింది. గాయం కనబడలేదు. వాసన చూసింది.

"ఆంటీ, ఇది చారు" అంది.

పదకొండూ ఇరవైకి చిన్నయ్య ఎర్ర చొక్కాతో కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. జగ్గులో సగం మిగిలింది. కలిపి, కరివేపాకు రెబ్బ గుచ్చి ఇచ్చాడు. లొరెయిన్ ఒక గుటక వేసింది. ఇంకొకటి వేసింది. తర్వాత వోడ్కా సీసా తీసుకుని మూతి దగ్గర ముక్కు పెట్టింది.

"వీటిని మంచినీళ్లంటారు."

డెరిక్ ఎందుకు పాడుతున్నాడో చిన్నయ్యకు అప్పుడు అర్థమైంది. "మేడమ్, నేను ఉపవాసంలో ఉన్నా. రుచి చూసే పని పక్కింటాయనకు అప్పజెప్పా."

లొరెయిన్ గ్లాసు ఖాళీ చేసింది. "వచ్చే నెల ఇక్కడ పెద్ద విందు. మూడు వందల మంది వస్తారు, అందులో సగం మంది మందు ముట్టరు. వాళ్ల చేతిలో ఏం పెట్టాలని పొద్దున్నుంచి ఎనిమిది మందిని అడిగాను. ఎనిమిది మందీ ఆరెంజ్ జ్యూస్ అన్నారు. వోడ్కా పోయడం ఎవరికైనా వచ్చు. సోమవారం నుంచి మీరు కౌంటర్ వెనక ఉండండి. చొక్కా మార్చుకుని రండి."

ఇంటికొచ్చి చిన్నయ్య జరిగిందంతా చెప్పాడు. భాగ్యం ఉద్యోగం సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత జగ్గు అడుగున మిగిలింది చూసింది.

"దీంట్లో సేప లేదు. మందూ లేదు. అయితే నేను తినొచ్చన్నమాట."

అన్నంలో పోసుకుని కలిపింది. ఒక ముద్ద తిన్నది.

"ఉప్పు తక్కువైంది."

మూడు రోజుల్లో ఆ మాట డెరిక్ ఒక్కసారీ అనలేదు.